మామయ్యకు అంకెలే ఎందుకు వినిపించాయి?

ప్రశ్న: మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇక్కడి మా తెలుగు సంఘానికి ఒక చిన్న వెబ్‌సైటు తయారుచేశాను. నాకు ప్రోగ్రామింగ్ రాదు. ఉచితంగా దొరికిన ఒక టెంప్లేటు, అంటే ముందే తయారుచేసి ఉంచిన సైటు నమూనా, తీసుకుని, అందులోని ఇంగ్లీషు తీసేసి మా విషయాలు నింపాను. ప్రకటనలు తెలుగులో ఉంటాయి, కింద ఒడియాలోనూ ఇస్తాం. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా మాత్రమే చదువుకున్నవారు మాలో ఉన్నారు. వారి కోసం కొన్ని తెలుగు భజన పాటలను ఒడియా లిపిలో రాశాం. ఇక్కడి గిరిజనుల భాష సవరలో, తెలుగు లిపిలో రాసుకున్న పాటలు రెండున్నాయి. మా మామయ్యకు మధుమేహం వల్ల చూపు పోయింది. ఆయన పట్టుబట్టి, తెరమీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ నేర్చుకుని రోజూ కంప్యూటర్ వాడుతున్నారు. మొన్న మా సైటు తెరిచి కాసేపు విని, "అమ్మాయీ, ఇందులో అంకెలు తప్ప ఏమీ లేవే" అన్నారు. నా కంటికి పేజీ నిండా తెలుగు కనిపిస్తూనే ఉంది. ఆయన విన్న ప్రకటన ఇది: "ఆదివారం 12వ తేదీ ఉదయం 10.30 గంటలకు సంఘ భవనంలో పింఛను దరఖాస్తులు నింపిపెడతాం. 2 ఫోటోలు, ఆధార్ నకలు తెచ్చుకోండి." తప్పు నా పేజీదా, ఆయన కంప్యూటరుదా?
ఒక పాఠకురాలు

సమాధానం: మీ మామయ్యగారు విన్నది విన్నట్టు చెప్పి మీకు సగం పని తగ్గించారు. ఆ ప్రకటనను మరొక్కసారి ఆయన చెవితో వినండి. "ట్వెల్వ్", కాసేపు ఆగి "టెన్ పాయింట్ థర్టీ", మళ్లీ ఆగి "టూ". అంతే. ఏ వారమో తెలియదు, ఎక్కడికి రావాలో తెలియదు, ఎందుకు రావాలో తెలియదు, ఆ రెండు ఏమిటో తెలియదు. పింఛను దరఖాస్తు అవసరమైన మనిషి చేతికి అంకెలు అందాయి, కబురు అందలేదు. ఇది చిన్న లోపమని సర్దుకుపోకుండా ఉత్తరం రాసినందుకు మీకు కృతజ్ఞతలు.

తప్పు మీ పేజీలోనే ఉందని నా అనుమానం. టెంప్లేటు చేసినవారు తమ కోసం ఇంగ్లీషులో చేసుకున్నారు గనుక, "ఇది ఇంగ్లీషు పేజీ" అని దాని తలమీద రాసిపెట్టారు. మీరు లోపలి ఇంగ్లీషంతా తీసేసి తెలుగు నింపారు. తలమీది మాట మాత్రం అలాగే ఉండిపోయింది. అది తెరమీద కనిపించేది కాదు కాబట్టి మీ కంటికి దొరకలేదు. స్క్రీన్ రీడర్ మాత్రం మొదట చూసుకునే వాటిలో అదొకటి.

స్క్రీన్ రీడర్ మనలాగా తెరను చూసి చదవదు. పేజీలోని పాఠాన్ని, ఆ పాఠం ఏ భాషో చెప్పే గుర్తును బ్రౌజరు నుంచి తీసుకుని, రెండింటినీ కలిపి ఒక గొంతుకు అందిస్తుంది. ఆ గొంతు కూడా ఒక ప్రోగ్రామే. ఏ అక్షరాన్ని ఎలా పలకాలి, అంకెను ఏమని చదవాలి, వాక్యం చివర ఎక్కడ దిగాలి అన్న నియమాలు దానికి భాషవారీగా ఉంటాయి. "ఇది ఇంగ్లీషు" అని గుర్తు చెబితే ఇంగ్లీషు నియమాలు తెరుస్తుంది. ఆ నియమాల్లో "పింఛను దరఖాస్తు" అన్న అక్షరాలకు చోటు లేదు. అప్పుడు ఏం జరుగుతుందన్నది గొంతును బట్టి ఉంటుంది. కొన్ని గొంతులు తెలియని అక్షరాలను చడీచప్పుడు లేకుండా దాటేస్తాయి. కొన్ని ఒక్కో అక్షరానికీ పేరు చెప్పుకుంటూ పోతాయి. ఇంకొన్ని లిపిని చూసి తెలుగని ఊహించి, అక్షరాలను తెలుగులోనూ అంకెలను ఇంగ్లీషులోనూ చదువుతాయి. మీ మామయ్యగారికి మొదటి రకం ఎదురైంది. మూడో రకం గొంతు ఉన్నవారికి "ఆదివారం ట్వెల్వ్ వ తేదీ" అని వినిపిస్తుంది. వాళ్లకు అర్థమవుతుంది కాబట్టి ఎవరూ మీకు చెప్పరు, మీ తప్పు మీకు తెలియదు.

తెలుగు లిపిలో ఉంటే తెలుగేనని యంత్రానికి ఆ మాత్రం తెలియదా అని మీకు అనిపించవచ్చు. చాలామంది నన్ను ఇదే అడుగుతారు. కంప్యూటరులో ప్రతి అక్షరానికీ యూనికోడ్ ఒక సంఖ్య ఇస్తుంది. ఆ సంఖ్యను బట్టి ఇది తెలుగు లిపి, ఇది ఒడియా లిపి అని పోల్చుకోవచ్చు. భాష ఏదో మాత్రం అందులో ఉండదు. మీ సైటులోనే చూడండి. తెలుగు లిపిలో సవర ఉంది, ఒడియా లిపిలో తెలుగు ఉంది. ఇక 12, 10.30 వంటి అంకెలు ఏ ఒక్క భాషకూ సొంతం కావు.

మీ ప్రాంతం వారికి ఇట్టే తెలిసే ఉదాహరణ ఒకటి చెబుతాను. "ఘ", "ర" అన్న రెండు అక్షరాలు తీసుకోండి. ఇల్లు అనే అర్థంలో ఒడియావారు ఆ రెండూ రాసి దాదాపు "ఘొరొ" అంటారు. మరాఠీవారు అవే రెండు రాసి "ఘర్" అంటారు. ఒకరు చివరి అచ్చును నిలుపుతారు, ఒకరు మింగేస్తారు. మనం రాస్తే "ఘర" అని ఉన్నదున్నట్టు చదువుతాం. మన దేశ భాషలన్నిటికీ ఉమ్మడిగా ఏర్పడిన భారతి బ్రెయిలీలో ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అందులో ఒకే ధ్వనికి దాదాపు ఏ భాషలోనైనా ఒకే చుక్కలు. తెలుగు "క", ఒడియా "క", మరాఠీ "క" వేలికి ఒకటే. "ఘ", "ర" చుక్కలను తడిమిన వేలు "ఘొరొ" అనాలా "ఘర్" అనాలా అన్నది, చేతిలో ఉన్నది ఏ భాష పుస్తకమో తెలిస్తేనే తేలుతుంది. పుస్తకం ఇచ్చేవారు ఆ మాట చెప్పి ఇస్తారు. మీ పేజీ ఇచ్చేది మీరు కనుక ఆ మాట మీరే చెప్పాలి.

చేయవలసిన పని ఇది. మీ సైటు ఫైలును తెరవండి. అన్నిటికన్నా పైన డాక్‌టైప్ అనే పంక్తి ఉంటుంది. దాని కింద కోణపు బ్రాకెట్‌లో హెచ్‌టీఎంఎల్ అని మొదలయ్యే పంక్తి ఉంటుంది. అందులోనే లాంగ్ అని, అంటే ఎల్, ఏ, ఎన్, జీ అనే నాలుగు చిన్న ఇంగ్లీషు అక్షరాలు, పక్కన సమానం గుర్తు, ఆ పక్కన కొటేషన్ గుర్తుల మధ్య ఈ, ఎన్ అని కనిపిస్తాయి. ఆ ఈ, ఎన్ చెరిపేసి టీ, ఈ అని రెండు చిన్న అక్షరాలు టైపు చేయండి. అది తెలుగు భాష సంకేతం. ఫైలును భద్రపరిచి మళ్లీ సైటులోకి ఎక్కించండి. లాంగ్ అన్న మాటే లేకపోతే హెచ్‌టీఎంఎల్ తరువాత ఒక ఖాళీ వదిలి మీరే చేర్చండి. సైటులో ఎన్ని పేజీలుంటే అన్ని పేజీల్లోనూ ఇది జరగాలి. ఇలా కోణపు బ్రాకెట్ల మధ్య రాసేదాన్ని ట్యాగు అంటారు. ఈ గుర్తును కిందనున్న బాడీ ట్యాగులో పెడితే చాలదా అని కొందరు అడుగుతారు. బ్రౌజరు ట్యాబు మీద కనిపించే పేజీ పేరు బాడీకి బయట ఉంటుంది. అది కూడా తెలుగేగా, కాబట్టి పైనే పెట్టండి.

వర్డ్‌ప్రెస్‌లో సైటు నడిపేవారు ఫైళ్లు తెరవనక్కరలేదు. సెట్టింగులలో జనరల్ విభాగంలో సైటు భాషను తెలుగుగా ఎంచుకుంటే ఆ పంక్తిని అదే మారుస్తుంది. లోపల పనిచేసే తెరలు కూడా తెలుగులోకి మారిపోయి మీకు అలవాటు తప్పితే, మీ ప్రొఫైలులో మీ ఒక్కరికీ వేరే భాష పెట్టుకోవచ్చు.

మార్చడానికి ముందు ఒక పరీక్ష చేయండి. మీరు అడిగిన "నా పేజీదా, ఆయన కంప్యూటరుదా" అన్న ప్రశ్నకు జవాబు అందులోనే దొరుకుతుంది. మామయ్యగారి కంప్యూటరులో తెలుగు వికీపీడియా తెరిచి ఏదో ఒక వ్యాసం వినమనండి. ఆ పేజీలు తమ భాష తెలుగని సరిగా చెప్పుకుంటాయి. అది తెలుగులో చక్కగా వినిపిస్తే లోపం మీ పేజీలోనే ఉంది, పైన చెప్పిన మార్పు సరిపోతుంది. అదీ వినిపించకపోతే ఆయన కంప్యూటరులో తెలుగు తెలిసిన గొంతు లేదు, లేదా భాష మారినప్పుడు గొంతు మారే ఏర్పాటు ఆగిపోయి ఉంది. అప్పుడు రెండు చోట్లా పని ఉంటుంది.

ఆయన వాడేది ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ అయితే ఆ రెండో పని సులువు. అది ఉచితం. చూపులేని మైఖేల్ కరన్ అనే ఆస్ట్రేలియా యువకుడు 2006లో దాన్ని మొదలుపెట్టారు. దానితోపాటే ఈస్పీక్ ఎన్‌జీ అనే గొంతు వస్తుంది. అందులో తెలుగు, ఒడియా, మరాఠీ మూడూ ఉన్నాయి. వినడానికి కాస్త యంత్రంలా, గరగరగా ఉంటుంది. కానీ మూడు భాషల మధ్య తిరిగే మనలాంటి వారికి ఒకే గొంతులో మూడూ దొరకడం పెద్ద సౌకర్యం. ఎన్‌వీడీఏ సెట్టింగులలో మాటకు సంబంధించిన విభాగంలో, భాషను బట్టి తానే మారే ఎంపిక పక్కన టిక్కు ఉందో లేదో చూడండి. మామూలుగా ఉంటుంది. ఎవరైనా ఎప్పుడో తీసేసి ఉండవచ్చు.

సంకేతాల విషయంలో మనవాళ్లు తరచూ పొరబడే చోట్లు కొన్ని ఉన్నాయి. తెలుగు కదా అని టీ, ఎల్ అని రాస్తారు. అది ఫిలిప్పీన్స్‌లో మాట్లాడే తగాలోగ్ భాషకు సంకేతం. ఒడియాకు ఓ, డీ అని రాస్తారు. సరైనది ఓ, ఆర్. 2011లో రాజ్యాంగ సవరణతో భాష పేరు ఒరియా నుంచి ఒడియాగా మారింది గానీ, పాత పేరు నుంచి వచ్చిన సంకేతం మారలేదు, మారదు కూడా. పేర్లు మారినప్పుడల్లా సంకేతాలు మారిస్తే పాత పేజీలన్నీ మూగబోతాయి కదా. మరాఠీకి ఎం, ఏ అనుకుంటారు. అది ఎం, ఆర్. దేశం పేరు కూడా తగిలించి టీ, ఈ పక్కన హైఫన్, ఐ, ఎన్ అని రాస్తే తప్పు లేదు. తెలుగుకు మాత్రం దాని అవసరం కనిపించదు.

ఇప్పుడు మీ ఒడియా ప్రకటనలు. పేజీ మొత్తానికి తెలుగని చెప్పాక, దానిలో ఉన్నదంతా తెలుగేనని స్క్రీన్ రీడర్ అనుకుంటుంది. కాబట్టి కింద ఒడియా భాగం మొదలయ్యే చోట, ఆ భాగాన్ని చుట్టి ఉన్న ట్యాగులో లాంగ్ సమానం ఓ, ఆర్ అని చేర్చండి. ఆ ట్యాగు మూసుకునే దాకా ఒడియా నియమాలు నడుస్తాయి. మూసుకోగానే గొంతు తెలుగుకు తిరిగి వస్తుంది. బరంపురం నుంచి కోరాపుట్ దాకా మనం రోజూ చేసే పనే ఇది. దుకాణంలో ఒడియా మాట్లాడుతూ పక్కనున్న చెల్లెలివైపు తిరిగి తెలుగులో ఒక మాట అని, మళ్లీ ఒడియాలోకి వెళ్లిపోతాం. మనకు ఎదుటి మనిషి ముఖం గుర్తు. యంత్రానికి ట్యాగు గుర్తు.

అలాగని ప్రతి మాటకూ గుర్తు తగిలించకండి. ఉత్సాహం కొద్దీ ఒకరు బస్సు, ఆధార్, ఫోను అన్న మాటలన్నిటికీ ఇంగ్లీషు గుర్తు పెట్టారు. వాక్యం మధ్యలో గొంతు మారి, మళ్లీ మారి, ఇద్దరు మనుషులు ఒకే వాక్యం కోసం పెనుగులాడుతున్నట్టు వినిపించింది. భాషలో కలిసిపోయిన మాటలకు, మనుషుల పేర్లకు, సాంకేతిక పదాలకు గుర్తు అవసరం లేదని వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ ఇచ్చిన, ప్రపంచమంతా అనుసరించే మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఒక పూర్తి వాక్యమో, పద్యమో, పేరాయో వేరే భాషలో ఉంటే పెట్టండి.

మీ సైటులో పైన "ఒడియా" అన్న లింకు ఉందనుకుంటాను, ఒడియా లిపిలోనే. ఆ ఒక్క మాటకు మాత్రం తప్పకుండా గుర్తు పెట్టండి. చూపులేని ఒడియా సోదరుడు మీ పేజీకి వచ్చినప్పుడు అతనికి తలుపు అదే. తెలుగు గొంతు ఆ అక్షరాలను దాటేస్తే అతనికి "లింకు" అన్న మాట మాత్రం వినిపించి, ఎక్కడికి లింకో తెలియకుండా పోతుంది. లింకు వెళ్లే పేజీ ఏ భాషదో చెప్పే హెచ్‌రెఫ్‌లాంగ్ అనే ఇంకో గుర్తు ఉంది. దానికీ దీనికీ ముడి పెట్టకండి. చదివి వినిపించే పనికి కావలసింది లాంగ్.

భజన పాటల సంగతి నాకు చాలా నచ్చింది. తెలుగు నోటికి వచ్చి, కంటికి ఒడియా మాత్రమే వచ్చినవారిని మీరు తలచుకున్నారు. వాటిని ఒడియా అని ప్రకటించకండి. అవి తెలుగు పాటలు. భాష తెలుగు, లిపి ఒడియా అని చెప్పే వీలు సంకేతాల్లోనే ఉంది. టీ, ఈ, పక్కన హైఫన్, ఆ పక్కన ఓ, ఆర్, వై, ఏ. ఈ నాలుగక్షరాలు ఒడియా లిపికి పేరు. తెలుగును తెలుగు లిపిలోనే రాసినప్పుడు లిపి పేరు చెప్పనక్కరలేదు. అది మామూలే గనుక వదిలేయమని నియమం.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఒడియా లిపిలో ఉన్న తెలుగును తెలుగులా పలికే గొంతు నేను చూసినవాటిలో లేదు. ఒడియా అని అబద్ధం చెబితే ఒడియా గొంతు ఏదో ఒకటి చదువుతుంది కదా అని మీకు ఎవరైనా సలహా ఇవ్వవచ్చు. అలా చదివితే పాటలోని "అ"కారాలన్నీ "ఒ"కారాలై కూర్చుంటాయి. "రామ" అన్నది "రామొ" అవుతుంది. నా సలహా వేరు. గుర్తు నిజమే చెప్పాలి, ప్రతి పాట కిందా అదే పాట తెలుగు లిపిలోనూ ఉండాలి. ఒడియా లిపి చదివేవారు పైది చూసి పాడతారు, మామయ్యగారు కిందది విని పాడతారు. పాట రెండుసార్లు టైపు చేయడం శ్రమే. కానీ ఈ శ్రమకు బదులుగా ఒక మనిషికి పాట మొత్తం దక్కుతుంది.

సవర పాటలకు ఎస్, ఆర్, బీ అన్న మూడక్షరాల సంకేతం ఉంది. తెలుగు లిపిలో రాశారు కాబట్టి దాని పక్కన హైఫన్ పెట్టి టీ, ఈ, ఎల్, యూ చేర్చండి. జాగ్రత్త, చివరి బీ మరిచిపోతే ఎస్, ఆర్ మిగులుతుంది. అది ఐరోపాలోని సెర్బియన్ భాష అవుతుంది. సవర పలికే గొంతు నాకింతవరకు తారసపడలేదు. అయినా గుర్తు పెట్టమంటాను. కారణం మీ ఊళ్లోనే ఉంది. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూ సవరల మధ్య తిరిగి వారి భాష నేర్చుకున్నారు. ఆయన సవర భాష మీద రాసిన గ్రంథం 1931లో మద్రాసులో అచ్చయింది. అప్పటికి దాన్ని చదివేవారు ఎంతమంది ఉంటారని ఆయన లెక్క చూసుకుని ఉంటే ఆ పని జరిగేది కాదు. సవరను సవరగా గుర్తుపట్టి రాసిపెట్టడం మీ ఊరికి కొత్త కాదు. రేపు ఎవరైనా సవరకు గొంతు తయారుచేస్తే, మీ రెండు పాటలు ఆ రోజే మాట్లాడతాయి.

మహారాష్ట్ర వైపు తెలుగువారికి ఈ చిక్కు ఇంకో రూపంలో వస్తుంది. నాందేడ్ జిల్లా దెగ్లూరులో చూపులేని ఒక ఉపాధ్యాయుడి పక్కన కూర్చుని ఒక మరాఠీ పేజీ విన్నాను. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ ఆయనది. ఆ పేజీ తన భాష ఏదో ఎక్కడా చెప్పుకోలేదు. గొంతు లిపిని చూసింది. దేవనాగరి కనిపించింది. దేవనాగరి అంటే హిందీ అనుకుని హిందీలో అందుకుంది. "జ్ఞ" వచ్చిన ప్రతిచోటా ఆయన భుజం కదిలేది. మరాఠీలో అది "ద్న్య", హిందీలో "గ్య". ఆయన నోట "ద్న్యానేశ్వర్" అని పలికే పేరు యంత్రం నోట "గ్యానేశ్వర్" అయింది. మనం "చాప" అనేటప్పుడు పలికే దంత్య చకారం మరాఠీకీ ఉంది. "బాగుంది" అనడానికి వాళ్లు వాడే "చాంగ్లా"లో అదే చకారం. హిందీ గొంతుకు ఆ ధ్వనే లేదు. ఆయనకు విషయం అర్థమవుతూనే ఉంది. కానీ నాలుగు పేరాలయ్యేసరికి అలసిపోయి ఆపేశారు. పక్కవాళ్ల యాసలో మన భాషను గంటసేపు వినడం ఎంత బరువో ఆరోజు కళ్లారా చూశాను. ఆ పేజీ తలమీద ఎం, ఆర్ అన్న రెండక్షరాలు ఉంటే ఆ బరువు ఉండేది కాదు. సిరొంచలో, రాజురాలో, ధర్మాబాద్‌లో సైటు నడుపుతూ ఈ జవాబు చదువుతున్నవారు మీ మరాఠీ పేజీలను ఒక్కసారి చూసుకోండి.

మీ సంఘం పాత ప్రకటనలు ఏవైనా సైటులో పెడుతున్నారా? అవి అను ఫాంట్లలో టైపు చేసినవైతే లాంగ్ గుర్తు వాటిని రక్షించలేదు. ఆ ఫాంట్లలో కంటికి తెలుగు బొమ్మలు కనిపిస్తాయి, లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. ఒడియాలో ఆకృతి ఫాంట్లు, మరాఠీలో శ్రీలిపి ఫాంట్లు కూడా ఇంతే. వాటిని ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. కరపత్రాన్ని ఫోటో తీసి పెడితే అందులో పాఠమే ఉండదు. దాని కింద అదే విషయాన్ని టైపు చేసి ఉంచండి.

అంకెల గురించి ఒక మాట మరిచాను. గుర్తు సరిచేశాక కూడా 10.30ను సమయంగా కాక దశాంశంగా చదివే గొంతులున్నాయి. "ఉదయం పదిన్నరకు" అని రాయండి. కంటితో చదివేవారికీ హాయిగా ఉంటుంది.

మీరు అడగకపోయినా చట్టం సంగతి చెప్పాలి, ఎందుకంటే మీ సంఘం పెద్దలు ఏదో ఒక కార్యాలయానికి ఇదే విషయం రాయవలసి రావచ్చు. నేను ఒక కార్యాలయానికి ఇలాగే రాస్తే, పేజీ అన్ని కంప్యూటర్లలో బాగానే కనిపిస్తోందని జవాబొచ్చింది. నేను అడిగింది వినిపించడం గురించి. డబ్ల్యూ3సీ మార్గదర్శకాల్లో 3.1.1 అన్న అంశం ప్రతి పేజీ తన భాషను యంత్రానికి తెలిసేలా చెప్పాలంటుంది. అది "ఏ" అనే ఇంగ్లీషు అక్షరంతో పిలిచే స్థాయిలో, అంటే అన్నిటికన్నా కనీస స్థాయిలో ఉంది. పేజీలోని భాగాల భాష గురించి చెప్పే 3.1.2 దాని పైమెట్టు, డబుల్ ఏ. ఈ రెండూ 2008 డిసెంబరులో వచ్చిన 2.0 రూపం నుంచీ ఉన్నాయి. మన దేశంలో దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు కూడా ఈ ప్రమాణాలనే అనుసరించమంటున్నాయి. ఉత్తరంలో ఈ అంశం సంఖ్యలు రాయండి. "మా మామయ్యకు వినిపించడం లేదు" అన్న వాక్యం కూడా తప్పక రాయండి. సంఖ్య చూసి కదలని మనిషి ఆ వాక్యం చూసి కదలవచ్చు.

ఈ పనిని మీరొక్కరే గదిలో కూర్చుని చేయకండి. మామయ్యగారి పక్కన కుర్చీ వేసుకుని చేయండి. మార్చకముందు ఆ ప్రకటనను ఒకసారి వినిపించమనండి, మార్చి, పేజీని తిరిగి తెరిచి మళ్లీ వినమనండి. మీ తెర మీద మాత్రం ఏ తేడా కనిపించదు. కాబట్టి పని అయిందో లేదో చెప్పవలసింది ఆయనే. "సంఘ భవనంలో" అన్న మాట ఆయనకు వినిపించిందా అని అడగండి. వినిపించకపోతే మీ ఫైలులోని మొదటి మూడు పంక్తులు ఉన్నవి ఉన్నట్టు నకలు చేసి, ఆయన వాడే గొంతు పేరు కూడా రాసి నాకు పంపండి.